మొహం లాగేసినట్టు కనపడకుండా ఫేస్‌లిఫ్ట్, నెక్‌లిఫ్ట్: ఏ పద్ధతి మంచిది?

సుధారాణి58
చేయించుకోవాలా వద్దా అన్నది నా ప్రశ్న కాదు, అది తేల్చుకున్నాను. బుగ్గలు జారి దవడ గీతకి రెండు వైపులా కండ వేలాడుతోంది. చుబుకం కింది నుంచి మెడ మీదకి రెండు నిలువు పట్టీలు, మాట్లాడినప్పుడల్లా పైకి తేలుతున్నాయి. ఇద్దరు సర్జన్లని కలిశాను. ఒకాయన "డీప్ ప్లేన్ (చర్మాన్ని కింది పొరతో కలిపి లేపే పద్ధతి) తప్ప ఇంకేదీ చేయించుకోవద్దు" అన్నారు. ఇంకొకావిడ "మీకు స్మాస్ ప్లైకేషన్ (చర్మం కింది పొరని మడిచి కుట్టడం), మెడకి ప్లాటిస్మాప్లాస్టీ (మెడ కండరం అంచులు కలిపి కుట్టడం) చాలు, అంత లోపలికి వెళ్లక్కర్లేదు" అన్నారు. ఇద్దరు చెప్పిందీ నమ్మేలాగే ఉంది, టెన్షన్ అక్కడే.

మా దగ్గరి బంధువు ఒకావిడ చాలా ఏళ్ల కిందట చేయించుకుంది. నవ్వితే నోటి చివరలు పక్కలకి సాగిపోతాయి, చెవి తమ్మెలు కిందికి లాగి దవడకి అతికించినట్టు ఉంటాయి, కణతల దగ్గర జుట్టు వెనక్కి వెళ్లిపోయింది. నాకు అలా కాకూడదు. చూసినవాళ్లు "బాగా నిద్రపోయావా ఏంటి" అని అడగాలి అంతే. దానికి చూడాల్సింది పద్ధతి పేరా, సర్జనా, ఇంకేమన్నానా?

ప్రశ్నల_పుట్ట
కత్తి పెట్టకుండా చర్మం కింద దారాలు వేసి ఎత్తే త్రెడ్ లిఫ్ట్ ఉంది కదా మేడమ్. గంటలో ఇంటికి వచ్చేయొచ్చు. ముందు అది చూడండి.

హేమలత_కె
@ప్రశ్నల_పుట్ట ఆవిడ చెప్పినంత జారితే దారాలు పట్టవండీ. కొద్దిగా జారిన వాళ్లకి కొన్నాళ్లు పనిచేస్తాయేమో. నాకు కొన్ని నెలలు బాగానే ఉంది, తర్వాత ఎక్కడిదక్కడికే వచ్చేసింది. పైగా తర్వాత సర్జరీ చేసినప్పుడు దారాల చుట్టూ లోపల గట్టిపడిపోయి పొరలు విడదీయడానికి చాలా టైమ్ పట్టిందని మా డాక్టర్ చెప్పారు. ఎలాగూ సర్జరీకి సిద్ధపడిన వాళ్లు మధ్యలో దాని జోలికి పోకపోవడమే మేలు.

ప్లాస్టిక్_పీజీ
ప్లాస్టిక్ సర్జరీలో ట్రైనింగ్‌లో ఉన్నాను, ఫేస్‌లిఫ్ట్ కేసుల్లో చాలాసార్లు అసిస్ట్ చేశాను. మీ మొహం చూడకుండా మీకేది సరిపోతుందో చెప్పలేను కానీ, మీ బంధువుకి ఎందుకలా అయిందో చెప్పగలను.

ఆ లాగినట్టు కనిపించేదంతా బరువు చర్మం మీద వేయడం వల్ల వచ్చేది. 1900 తొలి ఏళ్లలో యూరప్‌లో ఈ ఆపరేషన్ మొదలైనప్పుడు చెవి ముందు కొంచెం చర్మం కోసి కుట్టేసేవాళ్లు. ఆ తర్వాత చర్మాన్ని ఇంకా దూరం లేపడం నేర్చుకున్నారు కానీ, 70 ఏళ్ల దాకా దాదాపు అందరూ చర్మాన్నే లాగారు. చర్మానికి సాగే గుణం ఉంది. ఎంత గట్టిగా లాగి కుట్టినా కొన్నాళ్లకి మళ్లీ సాగుతుంది, ఈలోగా ఆ లాగుడంతా మచ్చ మీద పడి మచ్చ వెడల్పవుతుంది, తమ్మె కిందికి వస్తుంది.

1970ల్లో స్కూగ్ అనే స్వీడన్ సర్జన్ చర్మాన్ని విడిగా కాకుండా దాని కింది పొరతో కలిపి లేపడం మొదలుపెట్టాడు. 1976లో మిట్జ్, పెయ్రొనీ అనే ఇద్దరు ఆ పొరని వివరంగా వర్ణించి స్మాస్ అని పేరు పెట్టారు. చర్మం కింద కొవ్వు, దాని కింద ఈ పల్చటి గట్టి పొర. ఇది కిందికి వెళ్లి మెడలో ప్లాటిస్మా అనే వెడల్పాటి కండరంతో కలిసిపోతుంది. అందుకే బుగ్గ దగ్గర దీన్ని పైకి ఎత్తితే దవడ గీత, మెడ పక్కలు కూడా కదులుతాయి. ఈ పొర చర్మంలా సాగదు, బరువు మోస్తుంది. చర్మాన్ని ఊరికే దాని మీద పరిచి మిగిలింది కత్తిరించాలి.

మీరు విన్న పేర్లన్నీ ఈ పొరని ఏం చేస్తారన్న దాన్ని బట్టి వచ్చినవే. మడిచి కుట్టేస్తే ప్లైకేషన్. ఒక పట్టీలా కోసి తీసేసి అంచులు కలిపితే స్మాసెక్టమీ. లేపి పైకి లాగి కుడితే స్మాస్ ఫ్లాప్. డీప్ ప్లేన్‌లో బుగ్గ భాగంలో చర్మాన్ని స్మాస్ నుంచి విడదీయరు. రెండూ కలిపి ఒకే మందపాటి పొరగా లేపి, కిందున్న లిగమెంట్లని వదులు చేస్తారు. 1990లో హామ్రా అనే అమెరికన్ సర్జన్ దీన్ని ప్రచురించాడు.

మధుమతి_ఆర్
లిగమెంట్లు అంటే మోకాలిలో ఉంటాయి కదా? మొహంలో కూడానా?

ప్లాస్టిక్_పీజీ
@మధుమతి_ఆర్ ఉంటాయి. చెంప ఎముక దగ్గర, నమిలే కండరం ముందు అంచు మీద, దవడ ఎముక మీద చుబుకానికి కొంచెం పక్కన. చర్మాన్ని లోపలికి గట్టిగా పట్టి ఉంచే చోట్లవి. వయసుతో వాటి మధ్యనున్న భాగం జారుతుంది, పట్టు ఉన్నచోట ఆగుతుంది. సుధారాణి గారు చెప్పిన దవడ దగ్గరి కండ అలా ఏర్పడేదే. పరుపుకి దుప్పటిని పిన్నీసులతో గుచ్చి పెట్టి ఒక చివర లాగితే ఏమవుతుంది? పిన్నీసు దాకా బిగుస్తుంది, అవతలి ముడత కదలదు. లిగమెంట్ వదులు చేయకుండా లాగితే అంతే, చెవి దగ్గర బిగుస్తుంది, ముక్కు పక్కన ఏమీ కదలదు. అందుకే డీప్ ప్లేన్ చేసేవాళ్లు దాని మీద అంత నమ్మకంగా ఉంటారు.

హేమలత_కె
అదీ మాట. నాది డీప్ ప్లేన్. బుగ్గ పైభాగం తిరిగి చెంప ఎముక మీదకి వచ్చి కూర్చుంది. చెవి ముందు మచ్చ మీద ఎక్కడా బిగువు లేదు. సుధారాణి గారూ, మొదటి డాక్టర్ చెప్పింది వినండి.

చదువరి_రవి
కొంచెం ఆగండి. మా అమ్మ కోసం దీని గురించి చాలా చదివాను. డీప్ ప్లేన్ ఒక్కటే సహజంగా ఉంటుంది, మిగతావన్నీ పాతవి అన్నది ప్రచారంలో వచ్చిన మాట. ఒకేలా పుట్టిన కవలల రెండు జంటలకి నలుగురు పేరున్న సర్జన్లు నాలుగు వేరు వేరు పద్ధతుల్లో ఫేస్‌లిఫ్ట్ చేశారు. ఆ నలుగురిలో హామ్రా కూడా ఉన్నాడు. పదేళ్ల తర్వాతి ఫొటోలతో సహా 2009లో ప్రచురించారు. నలుగురి ఫలితాలూ బాగున్నాయి, ఇదే గెలిచింది అని చెప్పేంత తేడా లేదు. అంతకు ముందు 1996లో ఒకే మనిషికి ఒక వైపు మామూలు స్మాస్, రెండో వైపు లోతైన పద్ధతి చేసి పోల్చిన స్టడీ కూడా ఉంది. అక్కడా చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు.

సుధారాణి గారి ఇద్దరు డాక్టర్లూ కరెక్టే అయ్యుండొచ్చు అంటాను. ఎవరి చేతికి ఏది అలవాటో అది వాళ్లు చెప్తారు.

హేమలత_కె
@చదువరి_రవి రెండు జంటల కవలలతో ఏం తేలుతుంది? నలుగురే కదా మనుషులు. పైగా 1990ల్లో చేసిన డీప్ ప్లేన్ వేరు, ఇప్పుడు చేసేది వేరు. ఇప్పుడు మెడలోకి కూడా అదే పొరలో కొనసాగిస్తారు, లిగమెంట్లు ఇంకా ఎక్కువ వదులు చేస్తారు.

చదువరి_రవి
నలుగురితో ఏమీ తేలదన్నది నిజమే. కానీ అదే లెక్కన డీప్ ప్లేనే గొప్పది అని కూడా తేలలేదు కదా. నేను అనేది అంతే.

ప్లాస్టిక్_పీజీ
ఇద్దరి మాటలోనూ పాయింట్ ఉంది. నేను చూసినంతలో బుగ్గ మధ్యభాగం బాగా జారి, మొహం బరువుగా ఉన్నవాళ్లకి లిగమెంట్లు వదులు చేస్తేనే కదులుతుంది. సన్నటి మొహం, కొవ్వు తక్కువ ఉన్నవాళ్లకి స్మాస్‌ని మడిచి కుట్టడమే మంచిది, కోసి తీసేస్తే ఉన్న కాస్త నిండుతనం కూడా పోతుంది.

ఇంకో విషయం నరాలు. మొహాన్ని కదిలించే నరం చెవి ముందున్న లాలాజల గ్రంథి లోపల కొమ్మలై, దాని ముందు అంచు నుంచి బయటికి వస్తుంది. స్మాస్ కింద పనిచేస్తున్నామంటే ఆ కొమ్మలకి దగ్గరగా పనిచేస్తున్నట్టే. పొర తెలిసిన చేతుల్లో అది భయపడాల్సింది కాదు. తాత్కాలికంగా ఒక వైపు పెదవి కొంచెం బలహీనంగా ఉన్నా చాలావరకు వారాల్లో, నెలల్లో తిరిగి వస్తుంది. కానీ ఏడాదికి ఒకటో రెండో చేసేవాళ్ల చేతుల్లో డీప్ ప్లేన్ చేయించుకోవడం కంటే, రోజూ ప్లైకేషన్ చేసే చేతుల్లో ప్లైకేషన్ చేయించుకోవడం నయం. దీని మీద నాకు ఏ అనుమానమూ లేదు.

సుధారాణి58
మీ అందరికీ చాలా థాంక్స్. పిన్నీసుల పోలికతో నాకు ఒక్కసారిగా అర్థమైంది. నాది బరువైన మొహమే. మరి ఏ దిక్కుకి ఎత్తుతారు అన్నది కూడా ముఖ్యమని ఎక్కడో విన్నాను, అదేంటి?

ఓటీ_సరళ
పదిహేనేళ్లకి పైగా ఓటీ నర్సుగా చేశాను, దీనికి నేను చెప్తా. అద్దం ముందు నిలబడి చెవి ముందు రెండు వేళ్లు పెట్టి చర్మాన్ని వెనక్కి, అంటే తల వెనక వైపుకి నెట్టండి. నోటి చివర సాగుతుంది, బుగ్గ చదునవుతుంది. ఇప్పుడు అదే వేళ్లతో కణత వైపుకి పైకి నెట్టండి. బుగ్గ నిండుగా వస్తుంది, నోరు కదలదు, దవడ గీత బయటపడుతుంది. మొహం జారింది కిందికి కాబట్టి ఎత్తాల్సింది పైకి. మీ బంధువుకి నోరు సాగిందన్నారు చూడండి, అది వెనక్కి లాగడం వల్లే.

లోపలి పొరని పైకి ఎత్తి, చర్మాన్ని కొంచెం వేరే కోణంలో పరుస్తారు మంచి సర్జన్లు. రెండిటినీ ఒకే దిక్కుకి లాగరు.

మధుమతి_ఆర్
@ఓటీ_సరళ ఇప్పుడే అద్దం ముందు చేసి చూశా. ఎంత తేడా!! మా ఆయన కూడా వచ్చి చేసి చూసుకుంటున్నారు :)

అక్క_తరఫున
మా అక్కకి జరిగింది చెప్తాను. లోపల ఏ పద్ధతిలో చేశారో తెలియదు కానీ దవడ, మెడ బాగానే వచ్చాయి. పాడైంది చెవి దగ్గర. తమ్మె గుండ్రంగా వేలాడకుండా కిందికి సాగి మొహంలోకి కలిసిపోయింది. చెవి రంధ్రం ముందుండే చిన్న బొడిపె చదునైపోయి, రంధ్రం లోపలి దాకా కనిపించేది. జుట్టు పైకి కట్టడమే మానేసింది. చేసిన చోటికి తిరిగి వెళ్తే "వాపు తగ్గితే సర్దుకుంటుంది" అని నెలల తరబడి తిప్పారు. చివరికి వేరే సర్జన్ దగ్గర సరిచేయించుకుంది. ఆయన మాత్రం ఏడాది ఆగమని చెప్పి, కణజాలం మెత్తబడ్డాకే ముట్టుకున్నాడు. అందుకే అంటున్నా, లోపలి పొర గురించి ఎంత మాట్లాడుకున్నా బయటి వాళ్లకి కనిపించేది చెవి. దాని గురించి అడగండి.

ఓటీ_సరళ
@అక్క_తరఫున మీ అక్కకి అలా జరగడం చాలా బాధగా ఉంది. మీరు చెప్పిన పాయింట్ మాత్రం ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది.

నేను పనిచేసిన ఒక పెద్ద సర్జన్ చివరి అరగంట ఎలా పనిచేసేవారో చెప్తాను. లోపలి కుట్లన్నీ అయిపోయాక చర్మాన్ని వదిలేసేవారు. లాగేవారు కాదు. అది తనంతట తాను చెవి మీదకి ఎక్కడ వచ్చి పడుతుందో చూసి, ముందు చెవి పైన ఒక కుట్టు, చెవి వెనక ఒక కుట్టు వేసేవారు. బరువు ఏమన్నా ఉంటే ఆ రెండు కుట్ల మీదే. అప్పుడు మిగిలిన చర్మం చెవిని కప్పేసి ఉంటుంది. దాన్ని తమ్మె దగ్గర ఒకేసారి కోసేవారు కాదు. కొంచెం కొంచెం కత్తిరిస్తూ, తమ్మె దానంతట అది బయటికి వచ్చేదాకా. తమ్మె కింద చర్మం అంచు తమ్మెని పైకి నెడుతున్నట్టు ఉండాలి, ఒక్క మిల్లీమీటర్ ఎక్కువ కోస్తే నెలల తర్వాత అది కిందికి వస్తుందని చెప్పేవారు. బొడిపె మీద వచ్చే చర్మం కింద కొవ్వంతా తీసి కాగితంలా పల్చగా చేసేవారు, లేకపోతే ఆ పల్చటి మృదులాస్థి మీద మందంగా కూర్చుని దాని ఆకారం పోతుంది. చెవి ముందు కుట్లకి సన్నటి దారం, చర్మం అంచులు ఊరికే ఒకదానికొకటి ఆనుకునేలా. ఆ అరగంటలో ఎవరూ మాట్లాడేవాళ్లం కాదు.

కొందరు ఆ భాగం జూనియర్లకి వదిలేసి వెళ్లిపోతారు. కాబట్టి "కుట్లు ఎవరు వేస్తారు" అని అడగండి, తప్పేం లేదు.

సుధారాణి58
సరళ గారూ, ఇది చదివి చాలా సేపు అలా ఉండిపోయాను. జుట్టు గురించి కూడా చెప్పండి ప్లీజ్. కణత దగ్గర వెనక్కి పోవడం ఎందుకు జరుగుతుంది?

ప్లాస్టిక్_పీజీ
అది గాటు ఎక్కడ పెట్టారన్న దాని మీద ఆధారపడుతుంది. కణత దగ్గర జుట్టు లోపల గాటు పెడితే మచ్చ కనపడదు, కానీ చర్మాన్ని పైకి ఎత్తి మిగిలింది కోసినప్పుడు జుట్టు ఉన్న భాగమే పోతుంది, చెవి ముందు దిగే జుట్టు పైకి వెళ్లిపోతుంది. చర్మం కొంచెమే కదిలేటప్పుడు పర్వాలేదు. ఎక్కువ కదిలేటట్టయితే జుట్టు అంచు వెంబడే గాటు పెట్టాలి. అప్పుడు జుట్టు కదలదు, మచ్చ మాత్రం బయట ఉంటుంది. దానికి ఒక ఉపాయం ఉంది. కత్తిని నిలువుగా కాకుండా ఏటవాలుగా పెట్టి కోస్తే జుట్టు కుదుళ్లు కింద మిగులుతాయి, తర్వాత మచ్చలోంచే జుట్టు మొలుస్తుంది. చెవి వెనక కూడా ఇదే సమస్య, అక్కడ జుట్టు అంచు మెట్టులా తెగినట్టు కనపడితే జడ వేసుకున్నప్పుడు తెలిసిపోతుంది.

గడ్డం_రాజు
మగవాళ్ల సంగతి ఎవరూ చెప్పట్లేదు. బుగ్గ చర్మం చెవి మీదకి వస్తే గడ్డం వెంట్రుకలు చెవి బొడిపె మీద మొలవవా?

మధుమతి_ఆర్
ఆ పేరు పెట్టుకుని మీరు కాక ఇంకెవరు అడుగుతారండీ ఈ ప్రశ్న :)

ప్లాస్టిక్_పీజీ
@గడ్డం_రాజు మొలుస్తాయి. అందుకే మగవాళ్లకి చాలామంది గాటుని బొడిపె వెనక కాకుండా దాని ముందున్న సహజమైన మడతలో పెడతారు, మధ్యలో వెంట్రుకలు లేని చిన్న పట్టీ మిగిలేలా. బొడిపె మీదకి తీసుకురావాల్సి వస్తే లోపలి వైపు నుంచి కుదుళ్లు తీసేస్తారు, లేదా తర్వాత లేజర్ చేయించుకోవాలి. చెవి వెనక కూడా షేవింగ్ అవసరం పడొచ్చు, ముందే తెలుసుకుని ఉంటే మంచిది.

ఇంకొకటి. చర్మం కింద రక్తం చేరడం ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే ఎక్కువగా వచ్చే సమస్య, అది ఆడవాళ్లకంటే మగవాళ్లలో ఎక్కువ. గడ్డం ఉన్న చర్మానికి రక్తప్రసరణ ఎక్కువ, బీపీ కూడా ఒక కారణం. మొదటి 24 గంటల్లోనే ఎక్కువగా జరుగుతుంది. ఒక వైపే ఉన్నట్టుండి నొప్పి, బిగువు, వాపు వస్తే తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే ఫోన్ చేయాలి. ఆలస్యమైతే పైనున్న చర్మం దెబ్బతింటుంది.

గడ్డం_రాజు
చాలా ఉపయోగపడింది బ్రదర్. నాకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటాను. ఇది డాక్టర్‌కి ముందే చెప్తా.

ఓటీ_సరళ
బీపీతో పాటు సిగరెట్ సంగతి కూడా చెప్పండి ఎవరికున్నా సరే. నికోటిన్ రక్తనాళాలని సన్నబరుస్తుంది. లేపిన చర్మం చెవి వెనక నల్లబడి ఊడిపోయిన కేసులు చూశాను, దాదాపు అన్నీ పొగ తాగేవాళ్లవే. ముందు కనీసం నాలుగు వారాలు, తర్వాత కూడా అంతే, పూర్తిగా మానాలి. వేప్, నికోటిన్ ప్యాచ్ కూడా లెక్కలోకే వస్తాయి. ఆస్పిరిన్, ఫిష్ ఆయిల్, విటమిన్ ఇ లాంటివి వేసుకుంటుంటే చెప్పండి, గుండె కోసం ఇచ్చిన మందు మాత్రం మీరే ఆపేయకండి, ఇచ్చిన డాక్టర్‌ని అడగాలి.

విజయ_పి
నా సమస్య మెడ ఒక్కటే. మొహం బాగానే ఉంది. లైపోసక్షన్ చేసి కొవ్వు తీస్తే సరిపోతుందా?

చదువరి_రవి
@విజయ_పి చర్మం ఇంకా సాగి వెనక్కి వెళ్లే వయసైతే, కొవ్వు చర్మం కిందే ఉంటే సరిపోవచ్చు. మీ వయసెంతో చెప్పలేదు. చర్మం వదులుగా ఉండి కొవ్వు తీస్తే సంచి ఖాళీ అయి ఇంకా వేలాడుతుంది.

ప్లాస్టిక్_పీజీ
మెడ గురించి కొంచెం వివరంగా రాస్తాను, సహజంగా కనపడకపోవడం మొహం కంటే మెడలోనే తొందరగా బయటపడుతుంది.

మెడలో కొవ్వు రెండు చోట్ల ఉంటుంది. చర్మానికి, ప్లాటిస్మా కండరానికి మధ్య ఒకటి, కండరం కింద లోతుగా ఇంకొకటి. లైపోసక్షన్ గొట్టంతో మామూలుగా తీసేది పైదే. బొద్దుగా ఉన్న మెడ చూసి పైనున్నదంతా లాగేస్తే చర్మం నేరుగా కండరానికి అతుక్కుని, చుబుకం కింద మధ్యలో గుంట పడి, రెండు పక్కలా పట్టీలు లేచి నిలబడతాయి. నాగుపాము పడగలా ఉంటుందని దానికి కోబ్రా మెడ అనే పేరే ఉంది. సరిచేయడం చాలా కష్టం. చర్మం కింద పల్చటి కొవ్వు పొర ఉండాలి. అది ఉంటేనే మెడ మెత్తగా, వయసుకి తగ్గట్టు కనపడుతుంది.

సుధారాణి గారు చెప్పిన నిలువు పట్టీలు ప్లాటిస్మా లోపలి అంచులు. వాటికి చుబుకం కింద చిన్న గాటు పెట్టి రెండు అంచులని మధ్యలో కలిపి కుడతారు. ఫెల్డ్‌మన్ అనే సర్జన్ 1990లో ఆ కుట్టుని పైనుంచి కిందిదాకా వరసగా వేసే పద్ధతి ప్రచురించాడు, కార్సెట్ అంటారు. ఆ గాటుని చుబుకం కింది మడతలోనే పెడితే మడత ఇంకా లోతుగా దిగబడుతుంది, అందుకే కొంచెం వెనక్కి పెడతారు.

చుబుకం కింది గీతకి, మెడ గీతకి మధ్య కోణం 105 నుంచి 120 డిగ్రీలు ఉంటే యవ్వనంగా కనపడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. కానీ గొంతులోని హయాయిడ్ ఎముక కిందుగా, ముందుగా ఉన్నవాళ్లకి ఎంత చేసినా ఆ కోణం రాదు. అలాంటివాళ్లకి బలవంతంగా పదునైన కోణం తేవాలని లోపలున్నవన్నీ తీసేయడం వల్లే మెడ చెక్కినట్టు తయారవుతుంది. చుబుకం లోపలికి ఉన్నవాళ్లకి చిన్న ఇంప్లాంట్ పెడితే మెడని అంత ముట్టుకోకుండానే తేడా వస్తుంది.

విజయ_పి
నాకు 49. పట్టీలు లేవు కానీ దవడ కింద రెండు పక్కలా ఉబ్బుగా గట్టిగా తగులుతున్నాయి. వెయిట్ తగ్గినా పోలేదు.

ప్లాస్టిక్_పీజీ
అవి కొవ్వు కాకపోవచ్చు, దవడ కింది లాలాజల గ్రంథులు కావచ్చు. ముందు డాక్టర్ చేత తడిమించుకోండి, వేరే ఏమీ కాదని తేల్చుకోవాలి. గ్రంథులే అయితే వాటిని కొంత తీసేయాలా అన్న దాని మీద సర్జన్లలోనే పెద్ద గొడవ ఉంది. తీస్తే గీత చాలా శుభ్రంగా వస్తుందని కొందరు. రక్తం కారితే చాలా ప్రమాదం, లాలాజలం లోపల చేరుతుంది, కింది పెదవిని కదిలించే నరం పక్కనే ఉంటుంది, అందం కోసం అంత అవసరమా అని ఇంకొందరు. నేను రెండో వాళ్ల వైపు.

హేమలత_కె
నాకు చిన్న ఉబ్బు ఉంది, మా సర్జన్ ముట్టుకోనన్నారు. "అది ఉంటేనే మీ మెడ మీ మెడలా ఉంటుంది" అన్నారు. ఇప్పుడు చూసుకుంటే ఆ మాట నిజమే అనిపిస్తోంది, పూర్తిగా నున్నటి మెడ మీద నా మొహం పెట్టి ఉంటే వింతగా ఉండేది.

ప్రశ్నల_పుట్ట
ఇంత పెద్ద ఆపరేషన్ చేస్తే ముక్కు పక్కనుంచి నోటి దాకా వచ్చే గీతలు, పెదవి పైన సన్న గీతలు కూడా పోతాయి కదా?

అక్క_తరఫున
@ప్రశ్నల_పుట్ట పోవు. మా అక్క కూడా అదే అనుకుంది. ముక్కు పక్క గీతలు కొంచెం తగ్గుతాయంతే. పెదవి పైన సన్న గీతలు చర్మం మీదవి, వాటికి లేజరో కెమికల్ పీలో విడిగా చేయాలి. ఆ గీతలు పోవాలని ఇంకా లాగమంటే మళ్లీ మొదటికొస్తాం.

ఓటీ_సరళ
నిండుతనం కూడా అంతే. వయసుతో కొవ్వు జారడమే కాదు, తగ్గుతుంది కూడా. లిఫ్ట్ పోయింది తేలేదు. అందుకే పొట్ట నుంచో తొడ నుంచో కొంచెం కొవ్వు తీసి కణతల్లో, కళ్ల కింద, చెంప మీద చిన్న చిన్న చుక్కలుగా పెడతారు. అందులో కొంత శరీరం పీల్చేసుకుంటుంది. దానికని ఎక్కువ పెట్టించుకుంటే మాత్రం మొహం ఉబ్బిపోతుంది, అదీ లాగినంత అసహజమే.

సుధారాణి58
కోలుకోవడం గురించి హేమలత గారూ, దాచకుండా చెప్పండి. పిల్లలకి కూడా ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

హేమలత_కె
మొదటి వారం అద్దం చూడకపోతే మంచిది. వాపు, నీలంగా కమిలిన మచ్చలు మెడ మీదకి దిగుతాయి. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి, నిద్ర సరిగా పట్టదు. నొప్పి అనుకున్నంత లేదు, బిగువు ఎక్కువ. చెవి ముందు కుట్లు వారం లోపు తీశారు, వెనకవి ఇంకొంచెం ఆలస్యంగా. రెండు మూడు వారాలకి బయటికి వెళ్లగలిగాను. ఒక చెవి తమ్మె చాలా నెలలు మొద్దుగా ఉండేది, ఫోన్ చెవికి ఆనించినా తెలిసేది కాదు.

కష్టమైంది మనసుకే. రెండో వారంలో ఉన్నట్టుండి ఏడుపొచ్చేది, ఇది నా మొహం కాదేమో అనిపించేది. ఎవరో ఒకరు పక్కన ఉండి "ఇది వాపు, నీ మొహం కాదు" అని చెప్పాలి. మీ పిల్లలకి ముందే చెప్పండి సుధారాణి గారూ, వాళ్లే ఆ మాట చెప్తారు.

ప్లాస్టిక్_పీజీ
తమ్మె మొద్దుబారడం గురించి: మెడ పక్క నుంచి చెవికి వెళ్లే స్పర్శ నరం ఈ ఆపరేషన్‌లో అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినే నరం. ఊరికే లాగబడితే తిరిగి వస్తుంది, తెగితే ఆపరేషన్‌లోనే గుర్తించి కలపాలి.

చదువరి_రవి
సుధారాణి గారూ, ఫొటోలు అడిగినప్పుడు ఒక్కటి చూడండి. ఆపరేషన్ తర్వాతి ఫొటోలో చుబుకం కొంచెం ఎత్తి ఉంటుంది, లైట్ ముందు నుంచి పడుతుంది, జుట్టు చెవి మీదకి ఉంటుంది. ఆ మూడూ ఉంటే ఆ ఫొటోని లెక్కలోకి తీసుకోవద్దు. చెవులు కనపడేలా, పక్క నుంచి, తల కొంచెం వంచి, నవ్వుతూ ఉన్నవి అడగండి. ఏడాది దాటిన ఫొటోలు అడగండి, మూడు నెలల ఫొటోలో వాపు వల్ల అందరూ నిండుగానే కనిపిస్తారు. మీ వయసు, మీలాంటి మొహం ఉన్నవాళ్లవి ఉంటే ఇంకా మంచిది.

సుధారాణి58
ఇద్దరినీ మళ్లీ కలిసి వచ్చాను. బుగ్గలో లిగమెంట్లు వదులు చేస్తారా, ఏ దిక్కుకి ఎత్తుతారు, కణత దగ్గర గాటు ఎక్కడ, తమ్మె ఎవరు కుడతారు, రక్తం చేరితే రాత్రి ఎవరికి ఫోన్ చేయాలి, అన్నీ అడిగాను. డీప్ ప్లేన్ ఆయన మొదటి రెండిటికీ బాగా చెప్పారు, గాటు సంగతి వచ్చేసరికి "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నారు. రెండో ఆవిడ పెన్ను తీసుకుని నా చెవి పక్కన గీసి చూపించారు. బరువైన మొహం కదా, ప్లైకేషన్ చాలా అని అడిగితే, వేళ్లతో నా బుగ్గ పట్టుకుని కదిపి చూసి, "మధ్యభాగం కదలడం లేదు, మీరు అడిగింది న్యాయమే, చెంప దగ్గర లిగమెంట్ వదులు చేసి స్మాస్ ఫ్లాప్ చేద్దాం, మెడ మాత్రం నేను చెప్పినట్టే" అన్నారు. తాను చేసిన పేషెంట్ ఒకావిడని అనుమతి తీసుకుని నాకు పరిచయం చేశారు. చెవి దగ్గర ఎంత వెతికినా నాకు గీత దొరకలేదు. ఆవిడ దగ్గరే చేయించుకుంటున్నాను.

హేమలత_కె
నాది డీప్ ప్లేన్ అయినా సరే, మీరు సరైన వాళ్లనే పట్టుకున్నారు. తేదీ చెప్పండి, ఆ రెండో వారంలో నాకు మెసేజ్ చేయండి.

మధుమతి_ఆర్
ఆల్ ది బెస్ట్ సుధారాణి గారూ. చిన్న డౌట్, సర్జరీ తర్వాత జుట్టుకి రంగు ఎప్పుడు వేసుకోవచ్చు? కుట్లన్నీ జుట్టు అంచులోనే ఉంటాయి కదా.

ఓటీ_సరళ
@మధుమతి_ఆర్ పక్కులన్నీ రాలి గాటు పూర్తిగా మూసుకునేదాకా వద్దు. మామూలుగా నాలుగు వారాలు ఆగమంటారు, అదీ సర్జన్ చూసి సరేనన్నాకే. సర్జరీకి కొన్ని రోజుల ముందే వేయించుకుంటే ఆ ఇబ్బంది ఉండదు. హెయిర్ డ్రయ్యర్ కూడా చల్లటి గాలి మీదే పెట్టుకోవాలి, అక్కడ స్పర్శ ఉండదు కాబట్టి కాలినా తెలియదు.